పదిమంది కూర్చునే చోటు: చెరువుకట్ట నుంచి ట్యాంక్‌బండ్ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం కావాలని కార్యదర్శి గారు ఫోను చేశారు. "సర్వీసు అనుభవాలు వద్దండీ, ఇప్పటికే చాలా వచ్చాయి. చరిత్ర లాంటిది ఏదైనా రాయండి" అన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసిన గుమాస్తాను. అయితే తేదీలు సరిచూడటం, పాత ఫైలులో ఏ కాగితం ఎక్కడుందో వెతికి తీయటం అనే రెండు విద్యలు మాత్రం ఆ 35 ఏళ్ళలో పట్టుబడ్డాయి. ఆ రెండింటి మీద భరోసాతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఈ విషయం ఎంచుకోవటానికి కారణం మా మనవడు. వాడు మాసాబ్‌ట్యాంక్ కాలేజీలో పట్టణ ప్రణాళిక చదువుతున్నాడు. ఒక రోజు పుస్తకం ముందు పెట్టుకుని, "తాతా, ఈ ఊర్లో నీకు బాగా నచ్చిన చోటు ఏది? ఇల్లు కాదు, గుడి కాదు, దుకాణం కాదు. ఊరందరిదీ అయిన చోటు" అని అడిగాడు. నేను తడుముకోకుండా ట్యాంక్‌బండ్ అన్నాను. "ఎందుకు?" అన్నాడు. అక్కడ మాత్రం తడుముకున్నాను. యాభై ఏళ్ళుగా వెళ్ళి కూర్చుంటున్న చోటు ఎందుకు నచ్చిందో చెప్పలేకపోవటం చిన్నతనంగా అనిపించింది. ఆ "ఎందుకు"కు ఇన్నాళ్ళకు రాసుకుంటున్న జవాబు ఇది.

నాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న గ్రామం. మా ఊళ్ళో పార్కు లేదు, మైదానం అన్న మాటే లేదు. కానీ కూర్చోవటానికి చోటు కరువు లేదు. రావిచెట్టు కింద రచ్చబండ ఉండేది, చెరువుకట్ట ఉండేది. రచ్చబండ మీద పెద్దమనుషులు కూర్చునేవారు. అక్కడ పంచాయతీలు, తగవులు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న లెక్కలు ఉండేవి. అందరికీ ఆ బండ మీద చోటు ఉండేది కాదని ఒప్పుకోవాలి. చెరువుకట్ట సంగతి వేరు. గొర్లు తోలుకొచ్చేవాడు, బట్టలు ఉతికేవాడు, నీళ్ళ బిందెతో వచ్చే ఆడవాళ్ళు, పనిలేని మాలాంటి పిల్లలు, అందరూ ఆ కట్ట మీదుగా పోవలసిందే. పోతూ పోతూ నిలబడేవారు, నిలబడ్డవాళ్ళు కూర్చునేవారు. కట్ట మధ్యలో కట్టమైసమ్మ గద్దె. చెరువుకు గండి పడకుండా కాపాడేది ఆ తల్లేనని మా నాయనమ్మ చెప్పేది.

1973లో హైదరాబాదుకు వచ్చి మొదటిసారి డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తులో కూర్చుని సికింద్రాబాద్ నుంచి వస్తుంటే, ఒక్కసారిగా కుడివైపు నీళ్ళు కనబడ్డాయి. పక్కనున్న పెద్దాయన "ఇదే ట్యాంక్‌బండ్" అన్నాడు. నాకు మాత్రం "ఇది మా చెరువుకట్టే కదా, పెద్దది చేశారంతే" అనిపించింది. కొన్నాళ్ళకు కట్ట కింద, లోయర్ ట్యాంక్‌బండ్ మీద, కట్టమైసమ్మ గుడి కూడా చూశాను. అప్పటి నుంచి ఈ ఊరు నాకు పరాయి ఊరు అనిపించలేదు.

ఇక చరిత్రకు వస్తాను. హుస్సేన్‌సాగర్ చెరువు 1562 ప్రాంతంలో, గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తయారయింది. అంటే హైదరాబాద్ నగరం ఇంకా పుట్టక ముందే ఈ కట్ట ఉంది. చార్మినార్ కట్టింది 1591లో కాబట్టి, కట్ట చార్మినార్ కంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు పెద్దది. నిర్మాణం చేయించినవారు హుస్సేన్ షా వలీ. వారి దర్గా షేక్‌పేట అవతల ఉంది. మూసీ నుంచి కాలువ తవ్వి ఈ చెరువుకు నీరు మళ్ళించారు. రాజుగారి పేరు పెట్టాలని అనుకుంటే జనం మాత్రం దగ్గరుండి పని చేయించిన మనిషి పేరుతోనే పిలిచారనీ, దాంతో సుల్తాను తన పేరు మీద ఇబ్రహీంపట్నం చెరువు తవ్వించుకున్నాడనీ ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ, ఫైలు నడిపిన గుమాస్తా పేరు నిలిచి సంతకం పెట్టిన అధికారి పేరు పోయిన ఏకైక సందర్భంగా మా సెక్షనులో దీన్ని సంతోషంగా చెప్పుకునేవాళ్ళం.

కట్టిన రోజున ఎవరూ "జనం కూర్చోవటానికి" అని కట్టలేదు. సాగునీటికి, తాగునీటికి కట్టారు. గండిపేట, హిమాయత్‌సాగర్ రాకముందు ఈ చెరువు నీళ్ళే జంట నగరాలు తాగాయి. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడ్డాక, ఆ కంటోన్మెంటుకూ పాత నగరానికీ మధ్య దారి ఈ కట్ట అయింది. నీటిని ఆపటానికి వేసిన కట్ట రెండు ఊళ్ళను కలిపే రోడ్డు అయింది. ట్యాంక్‌బండ్ గొప్పతనంలో సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. జనం అక్కడికి ప్రత్యేకంగా బయలుదేరి పోనవసరం లేదు. ఎటు పోయినా దాని మీదుగానే పోతారు. ఎంత అందమైన తోట అయినా ఊరి చివర పెడితే పండగ రోజున తప్ప మనిషి కనబడడు. దారిలో ఉన్న చోటు రోజూ బతికి ఉంటుంది.

1946లో ఈ రోడ్డును వెడల్పు చేయించినవారు సర్ మీర్జా ఇస్మాయిల్. ఈయన గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1926 నుంచి 1941 వరకు మైసూరు దివాను. బృందావన్ గార్డెన్స్ ఆయన హయాంలోనే వచ్చాయి. తరువాత జైపూర్ ప్రధానిగా వెళితే అక్కడి పెద్ద బజారు వీధికి ఇప్పటికీ మీర్జా ఇస్మాయిల్ రోడ్డు అనే పేరు. 1946లో హైదరాబాద్ ప్రధానిగా వచ్చి ఏడాది తిరగకుండానే 1947లో వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో ఈ రాష్ట్రం పరిస్థితి ఎంత ఉద్రిక్తంగా ఉందో పెద్దలకు తెలుసు. అంత రాజకీయం నడుమ, ఉన్న కొద్ది నెలల్లో, ఒక కట్టను వెడల్పు చేయాలని ఆలోచన రావటం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయన విడిచిపెట్టిపోయిన రాజకీయ చర్చలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. కట్ట మాత్రం మనకు మిగిలింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సాయంత్రం ఆఫీసు వదలగానే నలుగురం కలిసి ట్యాంక్‌బండ్ దాకా నడిచేవాళ్ళం. పల్లీలో, మక్కకంకో కొనుక్కుని నీళ్ళకు ఎదురుగా కూర్చుంటే గంట గడిచేది. పెళ్ళయ్యాక మా శ్రీమతిని మొదటిసారి బయటకు తీసుకెళ్ళింది అక్కడికే. అద్దె గదిలో ఇంటివాళ్ళు వింటారేమోనని గుసగుసగా మాట్లాడుకునే కొత్త దంపతులకు, వేలమంది మధ్య గట్టిగా మాట్లాడుకునే స్వేచ్ఛ దొరికింది. జనం మధ్యలో దొరికే ఏకాంతం ఒకటి ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. చెరువు వాసన మాట దాచను. నగరం పెరిగి, నాలాలన్నీ దానిలోకే చేరి, కొన్ని సాయంత్రాలు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకోవలసి వచ్చేది. అయినా జనం రావటం మానలేదు. రెండువైపుల గాలి, కళ్ళకు అడ్డం లేని నీళ్ళు, టిక్కెట్టు అడగని చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

1980లలో ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కట్టను మళ్ళీ వెడల్పు చేసి, తెలుగువారి చరిత్రకు చెందిన 33 మంది మహనీయుల కంచు విగ్రహాలు నిలిపారు. నన్నయ, తిక్కన, మొల్ల, వేమన మొదలుకొని శ్రీశ్రీ వరకు. మా పిల్లలకు తెలుగు సాహిత్య చరిత్ర పాఠం నేను ఆదివారాలు ఆ విగ్రహాల వెంబడి నడిపిస్తూనే చెప్పాను. మా అమ్మాయి ఇప్పటికీ కవుల వరసను బడిలో చదివిన క్రమంలో చెప్పదు, ట్యాంక్‌బండ్ మీద నిలబడ్డ క్రమంలో చెబుతుంది.

ఆ తరువాత బుద్ధ విగ్రహం. రాయగిరి దగ్గర ఒకే రాతిలో, గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో చెక్కిన విగ్రహం అది. ఎత్తు 18 మీటర్లు. 1990 మార్చి 10న నీటి మీదుగా దిబ్బ దగ్గరకు తరలిస్తుండగా పడవతో సహా మునిగిపోయింది. పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత ఆఫీసు తెరిచినప్పుడు ఎవరికీ పని సాగలేదు. 1992 డిసెంబరు 1న విగ్రహాన్ని పైకి తీసి ఇప్పుడున్న చోట నిలబెట్టారు. నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యకాలం. రెండున్నర ఏళ్ళకు పైగా అక్కడ కనబడటానికి ఏమీ లేదు, నీళ్ళు తప్ప. అయినా జనం కట్ట మీద నిలబడి "అదిగో, అక్కడ మునిగింది" అని ఒకరికొకరు చూపించుకునేవారు. ఒకరు చూపించిన చోటు ఇంకొకరు ఒప్పుకునేవారు కాదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు మనుషులు పది నిమిషాలు వాదించుకుని, పల్లీలు పంచుకుని విడిపోవటం నా కళ్ళతో చూశాను.

మా మనవడి పుస్తకంలో విలియం వైట్ అనే అమెరికా ఆయన సంగతి ఉంది. న్యూయార్కులో పెద్ద పెద్ద భవనాల ముందు ఖాళీ జాగాలు కొన్ని ఎందుకు కిటకిటలాడుతున్నాయి, కొన్ని ఎందుకు వెలవెలపోతున్నాయి అని కెమెరాలు పెట్టి గమనించి, 1980లో ఒక పుస్తకం రాశారు. మనవడు దాన్ని నాకు తెలుగులో చెబుతుంటే నవ్వు వచ్చింది. ఆయన తేల్చినదేమిటంటే, జనం కూర్చోవటానికి చోటు ఉన్న దగ్గర కూర్చుంటారు! జనాన్ని ఆకర్షించేది ముఖ్యంగా జనమే! దీనికి కెమెరాలు ఎందుకు, మా నాయనమ్మను అడిగితే చెప్పేది కదా అన్నాను. వాడు నవ్వలేదు. "తాతా, అది తెలియకనే కదా కట్టేవాళ్ళు బెంచీలు పెట్టట్లేదు" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వటం ఆపాను. ఎందుకో తరువాత చెబుతాను.

ఆ పుస్తకం పుణ్యమా అని నగరంలోని మిగతా చోట్లను కూడా కొత్తగా చూడటం మొదలుపెట్టాను. చార్మినార్ సంగతి తీసుకోండి. నాలుగు దిక్కులకు పోయే దారులు కలిసే చోట చార్మినార్. దానికి ఉత్తరంగా నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్. ఈ హౌజ్ పాత పేరు చార్ సూ కా హౌజ్, అంటే నాలుగు దిక్కుల కొలను. ఇస్ఫహాన్ నగరాన్ని చూసి మనవాళ్ళు ఈ చౌరస్తా వేశారని చాలామంది రాస్తారు. తేదీలు చూసే అలవాటున్న గుమాస్తాగా ఒక్క మాట మనవి చేస్తాను. ఇస్ఫహాన్ సఫవీల రాజధాని అయింది 1598లో, అక్కడి ప్రసిద్ధమైన పెద్ద మైదానం ఆ తరువాతి పని. మన చార్మినార్ 1591 నాటిది. మనవాళ్ళు ఎక్కడి నుంచి ఏమి నేర్చుకున్నా, ఆ మైదానాన్ని చూసి మాత్రం నకలు దించలేదు. గుల్జార్ హౌజ్ దగ్గర ఒకప్పుడు నీటి చల్లదనానికి మనుషులు ఆగేవారు. నా తరం వచ్చేసరికి దాని చుట్టూ వాహనాలు తిరిగే ఒక గుండ్రటి దిమ్మెగా మిగిలింది. కొలను ఉంది, కానీ దాన్ని చేరుకోవటానికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటాలి. చేరుకోలేని చోటు ఎంత పాతదైనా, ఎంత అందమైనదైనా, అది బొమ్మ కిందే లెక్క.

పబ్లిక్ గార్డెన్స్ పాత పేరు బాగే ఆమ్. "ఆమ్" అంటే సామాన్యులు, అందరూ అని అర్థం. పేరులోనే అది ఎవరిదో రాసి ఉంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు కలిసి స్థానికంగా తయారైన వస్తువుల ప్రదర్శన పెట్టింది ఈ తోటలోనే. అదే మన నుమాయిష్. జనం పెరిగి తోట సరిపోక 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ఆ తోటను ఆనుకుని ఉన్న అసెంబ్లీ పాత భవనం కథ ఇంకా విచిత్రం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి 40వ జన్మదినం సందర్భంగా, 1905లో, నగర ప్రజలు తలపెట్టిన టౌన్‌హాలు అది. 1913లో పూర్తయింది. ప్రజల కోసం ప్రజలు తలపెట్టిన హాలు తరువాత శాసనసభ అయింది. ప్రజాప్రతినిధులు కూర్చునే సభ కాబట్టి అన్యాయం జరిగిందని అనను. కానీ పాసు లేకుండా సామాన్యుడు దాని మెట్ల మీద కూర్చోలేడన్నది కూడా నిజమే.

మోజంజాహీ మార్కెట్టు గురించి క్లుప్తంగా చెబుతాను. 1935లో రాతితో కట్టిన మార్కెట్టు, మధ్యలో గడియారపు గోపురం, చివరి నిజాం రెండవ కుమారుడి పేరు. ఒకటో తారీఖు జీతం చేతిలో పడితే పిల్లలకు అక్కడ ఐస్‌క్రీం తప్పనిసరి. చాలా ఏళ్ళు పాడుబడినట్టు ఉండి, బాగు చేశాక 2020లో మళ్ళీ కళ వచ్చింది. అలాగే ఆదివారాలు ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు. దానికి ఏ ఇంజనీరూ ప్లాను గీయలేదు, ఎవరూ శంకుస్థాపన చేయలేదు. నా ఇంట్లో ఉన్న పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ ఫుట్‌పాత్ మీదివే.

భయం ఒక చోటును ఎట్లా మారుస్తుందో కూడా చూశాం. 2007 ఆగస్టు 25 శనివారం రాత్రి లుంబినీ పార్కులో, కోఠీలో గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 42 మంది చనిపోయారు. మర్నాటి నుంచి ఇంట్లో పిల్లలు "అటు వెళ్ళకండి" అని మాకు ఆంక్ష పెట్టారు. పార్కుల గేట్ల దగ్గర తనిఖీలు వచ్చాయి, సంచులు విప్పించారు. అవసరమే, కాదనను. రెండు ఆదివారాలు ఆగి మూడో ఆదివారం నేనూ మా శ్రీమతీ ఎవరికీ చెప్పకుండా ట్యాంక్‌బండ్‌కు వెళ్ళాం. మాలాంటి ముసలి జంటలు ఇంకా నాలుగైదు కనబడ్డాయి. ఎవరూ ఎవరితో ఆ విషయం మాట్లాడలేదు. పల్లీలవాడు మాత్రం పొట్లం ఇస్తూ, "వచ్చిన్రా సార్" అన్నాడు.

2011 మార్చి 10న ఉద్యమంలో భాగంగా జరిగిన మిలియన్ మార్చ్‌లో కొన్ని విగ్రహాలు ధ్వంసమయ్యాయి, తరువాత తిరిగి నిలబెట్టారు. మన సంఘంలో ఆ రోజు గురించి రెండు రకాలుగా ఆలోచించేవారు ఉన్నారు, ఇద్దరూ నా మిత్రులే, కాబట్టి ఆ ఫైలు నేను తెరవను. ఒకటి మాత్రం గమనించాను. జనం సంబరం చేసుకోవాలన్నా అక్కడికే వస్తారు, కోపం చెప్పుకోవాలన్నా అక్కడికే వస్తారు. వినాయకుణ్ణి సాగనంపింది అక్కడే, బతుకమ్మను నీళ్ళలో వదిలింది అక్కడే. ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్ సంగతి మనందరికీ తెలిసిందే. ఎండలో గొడుగులు వేసుకుని, బి.పి. మాత్రలు జేబులో పెట్టుకుని, మన పెన్షనర్లు కూడా అక్కడ కూర్చున్నారు. 2017లో అక్కడ ధర్నాలకు అనుమతి నిలిపివేశారు. ఊరి బయట వేరే చోట చేసుకోమన్నారు. 2018లో హైకోర్టు కలుగజేసుకుని అక్కడ అనుమతించమని ఆదేశించింది. ఊరి బయట ఎవరూ లేని చోట కూర్చుని చెప్పుకుంటే వినేదెవరు? కూర్చునే హక్కు అంటే నలుగురూ చూసే చోట కూర్చునే హక్కు అని ఆ వయసులో మనకు అర్థమయింది.

ఇప్పుడు నా నవ్వు ఎందుకు ఆగిందో చెబుతాను. నా సెక్షనులోనే సూపరింటెండెంటుగా చేసిన మిత్రుడు ఒకరున్నారు. నాకంటే మూడేళ్ళు పెద్ద. పేరు రాయను, వారికి ఇష్టం ఉండదు. భార్య పోయాక కొడుకు దగ్గర ఉంటున్నారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్ళాక పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఆయన ఒక్కరే. వారి కాలనీలో చక్కటి పార్కు ఉంది. పది గంటలకు అక్కడికి వెళ్ళి, చెట్టు కింద బెంచీ మీద కూర్చుని పేపరు చదివేవారు. వచ్చేపోయేవాళ్ళు పలకరించేవారు. ఒక రోజు పార్కుకు కొత్త ఇనుప గేటు పెట్టి బోర్డు కట్టారు. ఉదయం 5 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు మాత్రమే. మధ్యలో తాళం. పనిలేనివాళ్ళు, ప్రేమజంటలు వచ్చి కూర్చుంటున్నారని కారణం చెప్పారు. అదే ఊపులో చెట్టు కింద బెంచీలు తీయించి, నడవటానికి రంగు రాళ్ళ బాట వేయించారు. అంటే నడవవచ్చు, కూర్చోకూడదు.

ఆ తరువాత మా మిత్రుడు ఫోనులో మాట్లాడటం తగ్గించారు. ఒక మధ్యాహ్నం నేను వారి కాలనీ వైపు పనిమీద వెళితే, బస్ స్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని కనబడ్డారు. "ఎక్కడికి బయలుదేరారు సార్?" అన్నాను. సర్వీసులో ఉన్నప్పటి అలవాటు, ఇప్పటికీ సార్ అనే అంటాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. బస్సు వచ్చింది, ఆగింది, ఆయన లేవలేదు. కండక్టరు ఆయన వైపు చూసి చెయ్యి ఊపి, రైట్ అన్నాడు. రోజూ జరిగే వ్యవహారమే అని అప్పుడు నాకు అర్థమయింది. ఆరు వారాలుగా ఆయన రోజూ అక్కడే కూర్చుంటున్నారు, ఎక్కని బస్సుల కోసం.

ఇంటికి వచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అర్జీ డ్రాఫ్టు చేశాను. జీవితంలో వందల డ్రాఫ్టులు రాశాను గానీ, ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు. ఎవరినీ నిందించకుండా, మూడే మూడు వాక్యాలు. పగటిపూట గేటు తెరిచి ఉంచగలరు, రెండు బెంచీలు యథాస్థానంలో పెట్టించగలరు, ఇట్లు కాలనీలోని వయోవృద్ధులు. మా మిత్రుడు సంతకం పెట్టటానికి మొదట ఒప్పుకోలేదు. "నా ఒక్కడి కోసం ఎందుకయ్యా" అన్నారు. ఇంటింటికీ తిరిగితే పదిహేడు సంతకాలు వచ్చాయి. అంటే ఆ కాలనీలో పగలంతా తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చున్నవాళ్ళు పదిహేడు మంది ఉన్నారన్నమాట. ఒకరి ఇంట్లో ఇంకొకరు ఉన్నారని వాళ్ళకే తెలియదు.

రెండు రిమైండర్లు, ఒక ముఖాముఖి, ఏడు నెలలు పట్టింది. తాళం తీశారు. బెంచీలు మాత్రం ఇంకా రాలేదు. మా మిత్రుడు ఇంటి నుంచి మడత కుర్చీ తీసుకెళ్ళటం మొదలుపెట్టారు. మరో ముగ్గురు కూడా తెచ్చుకుంటున్నారు. నీడ ఎటు జరిగితే కుర్చీలు అటు జరుపుకుంటున్నారట. ఈ మాట మనవడికి చెబితే, వాడు పుస్తకం తెరిచి ఇంకొకటి చూపించాడు. న్యూయార్కులో బ్రయంట్ పార్కు అనే తోట 1970లలో మత్తుమందులు అమ్మేవాళ్ళ అడ్డాగా మారింది. అందరూ గోడలు ఎత్తు పెంచాలి, తాళాలు వేయాలి అంటుంటే, ఈ వైట్ గారే బయటివాళ్ళకు లోపల ఏం జరుగుతుందో కనబడకుండా ఉన్న పొదల గోడలు తీసేయండి, లోపలికి దారులు పెంచండి, మంచి జనం వస్తే చెడ్డ జనం పోతారు అని సలహా ఇచ్చారు. 1992లో దాన్ని మళ్ళీ తెరిచినప్పుడు నేలకు బిగించని, ఎవరికి కావలసినట్టు వాళ్ళు జరుపుకోగల కుర్చీలు వేశారు. అవి ఇప్పుడు ఆ పార్కుకే పేరు తెచ్చాయి. ఈ సంగతి మా మిత్రుడికి ఫోనులో చెబితే, చాలా రోజుల తరువాత ఆయన నవ్వటం విన్నాను. "అయితే మేము న్యూయార్కు వాళ్ళమైపోయాం" అన్నారు.

ట్యాంక్‌బండ్ మీద ఇప్పుడు నా కష్టం ఒక్కటే, రోడ్డు దాటటం. ఇవతలి నుంచి అవతలి నీళ్ళ వైపుకు పోవాలంటే మోకాళ్ళు, కళ్ళు, ధైర్యం మూడూ కావాలి. 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి కట్టను జనానికి వదిలారు. అప్పుడు మా శ్రీమతి చెయ్యి పట్టుకుని రోడ్డు నడిమధ్యలో నడిచాను. పెళ్ళయిన కొత్తలో కూడా అంత ధీమాగా నడిచి ఉండం. చుట్టూ పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఆమె మొల్ల విగ్రహం దగ్గర ఆగి, కాళ్ళు నొప్పులని అక్కడే గట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చున్నది చూసి ఇంకో పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. లేచేసరికి ఇద్దరూ మోకాళ్ళ నూనెల పేర్లు, కోడళ్ళ ఉద్యోగాల వివరాలు ఇచ్చిపుచ్చుకున్నారు.

సంఘం సభ్యులకు ఒక మనవి. మేము నలుగురైదుగురం ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు పబ్లిక్ గార్డెన్స్‌లో, మ్యూజియం వైపు చెట్ల కింద కూర్చుంటున్నాం. అజెండా ఏమీ లేదు. వచ్చే నెల నుంచి మా కాలనీ మిత్రుడు కూడా వస్తానన్నారు. ఆయన మడత కుర్చీ ఆయనే తెచ్చుకుంటారు.